లింకన్‌గారి ఊళ్ళో రెండు రోజులు

థాంక్స్‌గివింగ్ సెలవులంటే మనవాళ్ళలో చాలామందికి రెండే కార్యక్రమాలు. గురువారం ఎవరో ఒకరింట్లో పాట్‌లక్, శుక్రవారం తెల్లవారకముందే షాపుల ముందు చలిలో క్యూ. పదేళ్ళుగా నేనూ ఈ రెండూ శ్రద్ధగా పాటిస్తూ వచ్చాను. పోయిన నవంబరులో మాత్రం శుక్రవారం ఉదయం కారుని షాపులవైపు కాకుండా దక్షిణానికి, స్ప్రింగ్‌ఫీల్డ్ దారి పట్టించాను. దానికి కారణం మా నాన్నగారు.

నాన్నగారు ప్రకాశం జిల్లాలో జిల్లా పరిషత్ హైస్కూళ్ళలో ముప్ఫై రెండేళ్ళు సోషల్ మాస్టారుగా పనిచేసి రిటైరయ్యారు. అమ్మ పోయిన దగ్గర్నుంచీ ఒక్కరే ఉంటున్నారు. ఎంత బతిమాలినా రానివారు, ఆరేళ్ళకి ఒప్పుకుని విజిటర్ వీసా మీద వచ్చారు. వచ్చిన ఐదు నెలల్లో నయాగరా చూపించాం, న్యూయార్కు చూపించాం, చికాగోలో ఎత్తైన మేడలన్నీ ఎక్కించాం. అన్నీ చూసి బాగుంది బాగుంది అన్నారేగానీ మొహంలో పెద్ద వెలుగేమీ కనపడలేదు. డిసెంబరు మొదటి వారంలో తిరుగు ప్రయాణం. వెళ్ళేలోపు ఇంకేమైనా చూడాలనుందా అని అడిగితే, లింకన్ ఇల్లు ఇక్కడికెంత దూరంరా అన్నారు.

నాకు సిగ్గేసింది. ఎమ్మెస్‌కి వచ్చినప్పటినుంచీ నేనుండేది ఇల్లినాయ్ రాష్ట్రంలోనే. ఇక్కడ కార్ల నంబరు ప్లేట్ల మీద కూడా లింకన్ పేరుంటుంది. మూడు గంటల డ్రైవ్. లాస్‌వేగస్‌కి నాలుగుసార్లు వెళ్ళాను గానీ స్ప్రింగ్‌ఫీల్డ్‌కి ఒక్కసారీ వెళ్ళలేదు.

మేముండే చికాగో శివారు నుంచి 55వ నంబరు ఇంటర్‌స్టేట్ మీద సుమారు రెండు వందల మైళ్ళు. నవంబరు చివరికి ఆకులన్నీ రాలిపోయి చెట్లు మోడుల్లా నిలబడి ఉంటాయి. మొక్కజొన్న, సోయా కోతలు అయిపోయి కనుచూపుమేరా కొయ్యకాళ్ళు మిగిలిన పొలాలే. నాన్నగారు కిటికీలోంచి చూస్తూ ఒక్కో చెక్క ఎన్నెకరాలుంటుందో లెక్కలు వేస్తూ కూర్చున్నారు. దారిలో లింకన్ అనే పేరుతోనే ఒక ఊరుంది. ఆయన ప్రెసిడెంటు కాకముందే, 1853లో, ఆ ఊరికి ఆయన పేరు పెట్టారు. అప్పుడు ఆయనే పుచ్చకాయ కోసి ఆ రసంతో ఊరికి నామకరణం చేశాడని చెప్తారు. మనం కొబ్బరికాయ కొట్టినట్టన్నమాట అని నాన్నగారు ఆమోదించారు.

మనందరికీ లింకన్ చిన్నప్పటినుంచీ తెలుసు. చెక్క గుడిసెలో పుట్టాడు, వీధి దీపం కింద చదువుకున్నాడు, అన్ని ఎన్నికల్లోనూ ఓడిపోయి చివరికి ప్రెసిడెంటయ్యాడు, బానిసల్ని విడిపించాడు, నాటకం చూస్తుండగా ఎవడో కాల్చి చంపాడు. ఐదు ముక్కల్లో అయిపోయింది. దీనికితోడు, కొడుకు చదువుకునే స్కూల్లో మాస్టారికి ఆయన రాశాడనే ఉత్తరం ఒకటి మన స్కూళ్ళ గోడల మీదా, ఫార్వర్డ్ మెయిళ్ళలోనూ తిరుగుతూనే ఉంటుంది. నాన్నగారు ఏటా టీచర్స్ డే నాడు దాన్ని పిల్లలకి చదివి వినిపించేవారు. స్ప్రింగ్‌ఫీల్డ్ వెళ్తే తెలిసే మొదటి సంగతి, వీటిలో సగం అలా జరగలేదని.

గుడిసె నిజమే. లింకన్ 1809 ఫిబ్రవరి 12న కెంటకీ రాష్ట్రంలో ఒకే గది ఉన్న దుంగల గుడిసెలో పుట్టాడు. తండ్రి థామస్ లింకన్ రైతు, వడ్రంగి పని కూడా తెలుసు. సంతకం పెట్టడం వరకే వచ్చు. తల్లి పేరు నాన్సీ. లింకన్‌కి ఏడేళ్ళప్పుడు, 1816లో, కుటుంబం ఇండియానా అడవుల్లోకి వెళ్ళింది. అక్కడ వీధే లేదు, ఇక వీధి దీపమెక్కడిది! చదివినదంతా పొయ్యి వెలుగులో, పొలం పని మధ్యలో. బడికి వెళ్ళిన రోజులన్నీ కలిపితే ఒక్క ఏడాది కూడా కావు.

1818లో తల్లి చనిపోయింది. అడవిలో ఒకరకం విషపు మొక్క తిన్న ఆవుల పాలు తాగితే వచ్చే జబ్బు అది. అప్పట్లో కారణం ఎవరికీ తెలియదు. శవపేటిక తండ్రే చేశాడు. తొమ్మిదేళ్ళ పిల్లాడు చూస్తుండగా అమ్మని ఇంటికి దగ్గర్లోనే పాతిపెట్టారు. మరుసటి ఏడు తండ్రి సేరా బుష్ అనే వితంతువుని, ముగ్గురు పిల్లలతో సహా, పెళ్ళి చేసుకుని తీసుకొచ్చాడు. సవతి తల్లి అనగానే మనకొచ్చే ఊహలన్నీ ఇక్కడ తప్పు. ఆవిడకీ చదువు రాదు. కానీ పిల్లాడు పుస్తకం పట్టుకుంటే అడ్డురాలేదు, ఎవర్నీ అడ్డురానివ్వలేదు. లింకన్ జీవితాంతం ఆవిడని సొంత తల్లిలాగే చూశాడు.

తండ్రితో మాత్రం ఎక్కడో తేడా వచ్చింది. కొడుకు పుస్తకాల పిచ్చి తండ్రికి బద్ధకంలా కనపడేది. పొరుగువాళ్ళ పొలాల్లో కూలికి పంపి ఆ డబ్బు తనే తీసుకునేవాడు. ఇరవై ఒక్క ఏళ్ళు వచ్చేదాకా కొడుకు సంపాదన తండ్రిదే అన్నది అప్పటి చట్టం. అందుకని ఆయన చేసింది తప్పేం కాదు. అయినా పిల్లాడి మనసులో అది ఉండిపోయింది. 1830లో కుటుంబం ఇల్లినాయ్‌కి వచ్చింది. మరుసటి ఏడే లింకన్ ఇల్లు వదిలిపెట్టి వెళ్ళిపోయాడు.

చేరింది న్యూసేలం అనే చిన్న పల్లెకి. స్ప్రింగ్‌ఫీల్డ్‌కి ఇరవై మైళ్ళు. ఇప్పుడక్కడ ఆ పల్లెని మళ్ళీ దుంగలతో కట్టి చూపిస్తున్నారు. కొట్లో గుమాస్తా పని చేశాడు. ఒక భాగస్థుడితో కలిసి సొంత కొట్టు పెట్టాడు, మునిగింది. ఆ భాగస్థుడు చనిపోతే అతని వంతు అప్పు కూడా తనే నెత్తిన వేసుకుని ఏళ్ళ తరబడి తీర్చాడు. పోస్టుమాస్టరుగా చేశాడు, సర్వే పని పుస్తకాలు చదివి నేర్చుకుని చేశాడు. 1832లో రాష్ట్ర శాసనసభకి పోటీచేసి ఓడాడు. 1834లో గెలిచాడు, ఆ తర్వాత వరుసగా ఇంకో మూడుసార్లు గెలిచాడు. అంటే అన్ని ఎన్నికల్లోనూ ఓడాడనే ఫార్వర్డ్ మెయిల్ కూడా సగమే నిజం. ఓటములు లెక్కపెట్టి గెలుపులు వదిలేశారు.

లాయరు కావడానికి కాలేజీకి వెళ్ళలేదు. పుస్తకాలు అరువు తెచ్చుకుని చదివి 1836లో లైసెన్సు సంపాదించాడు. 1837 ఏప్రిల్లో అరువు తెచ్చుకున్న గుర్రం మీద స్ప్రింగ్‌ఫీల్డ్ వచ్చాడు. పరుపు, దుప్పట్లు కొందామని ఒక కొట్టుకి వెళ్తే పదిహేడు డాలర్లన్నారు. అంత డబ్బు లేదు. కొట్టు యజమాని జాషువా స్పీడ్ అనే కుర్రాడు, పైన నా గదిలో పెద్ద మంచం ఉంది, పంచుకో అన్నాడట. లింకన్ సంచులు పైకి తీసుకెళ్ళి పెట్టేసి, దిగొచ్చి, షిఫ్టయిపోయాను అన్నాడట. ఇది చెప్తుంటే నాకు ఎమ్మెస్ రోజులు గుర్తొచ్చాయి. ఎయిర్‌పోర్టు నుంచి ఎవరో సీనియర్ తీసుకొచ్చి, హాల్లో నేలమీద పరుపు చూపించి, ఇదే నీ చోటు అన్నాడు. ఆ స్పీడ్ జీవితాంతం లింకన్‌కి ప్రాణ స్నేహితుడు. హాల్లో పరుపు చూపించిన సీనియర్ ఇప్పుడు మా పాపకి మావయ్య వరస.

స్ప్రింగ్‌ఫీల్డ్‌లో లింకన్ ఇల్లు ఎనిమిదో వీధి, జాక్సన్ వీధి కలిసే చోట ఉంది. చుట్టుపక్కల నాలుగు బ్లాకుల్ని పాతకాలంలో ఉన్నట్టే ఉంచారు. కార్లు రానివ్వరు, కాలిబాటలు చెక్కవి. పెద్దకొడుకు రాబర్ట్ 1887లో ఈ ఇంటిని రాష్ట్రానికి రాసిచ్చేస్తూ, బాగా చూసుకోవాలి, చూడ్డానికి వచ్చేవాళ్ళ దగ్గర డబ్బు తీసుకోకూడదు అని షరతు పెట్టాడు. ఇప్పుడు నేషనల్ పార్క్ సర్వీసు చేతిలో ఉంది. టిక్కెట్టు ఇప్పటికీ ఉచితమే. నాన్నగారికి ఊళ్ళో అన్నిటికన్నా నచ్చిన విషయం ఇదే.

పెద్ద భవనమేం కాదు. గోధుమ రంగు గోడలు, ఆకుపచ్చ కిటికీ తలుపులు, రెండంతస్తులు. 1844లో తన పెళ్ళి జరిపించిన పాస్టరుగారి దగ్గరే కొన్నాడు. అప్పుడది ఒకటిన్నర అంతస్తే. 1856లో పైన పూర్తి అంతస్తు వేయించారు. ఆయన జీవితంలో కొనుక్కున్న ఇల్లు ఇదొక్కటే, ఉన్నది పదిహేడేళ్ళు. మెట్ల పక్కన చెక్క రెయిలింగు అప్పటిదే. ఆయన రోజూ పట్టుకున్నదాన్నే మనమూ పట్టుకుని ఎక్కొచ్చు. నాన్నగారు మెట్లెక్కాక కూడా చెయ్యి తియ్యకుండా కాసేపు అలాగే నిలబడ్డారు.

భార్య మేరీ టాడ్ కెంటకీలో డబ్బున్న కుటుంబం పిల్ల, ఫ్రెంచి వచ్చు. వాళ్ళ నిశ్చితార్థం ఒకసారి చెడిపోయి, లింకన్ తీవ్రమైన దిగులులో పడిపోయి, ఏడాదిన్నర తర్వాత మళ్ళీ కలిసి 1842 నవంబరు 4న పెళ్ళి చేసుకున్నారు. నలుగురు మగపిల్లలు. పిల్లల్ని ఆయన అదుపులో పెట్టేవాడు కాదని ఊరంతా చెప్పుకునేవారు. ఆఫీసుకి తీసుకెళ్తే కాగితాలన్నీ చిందరవందర చేసేవాళ్ళట, ఆయన పట్టించుకునేవాడు కాదట. పార్ట్‌నర్ హెర్న్‌డన్ మాత్రం పళ్ళు నూరుకునేవాడు. పెద్దకొడుకు రాబర్ట్ 1859లో హార్వర్డ్ ప్రవేశ పరీక్ష తప్పాడు. ఇంకో ఏడాది వేరే స్కూల్లో కోచింగులాంటిది తీసుకుని వెళ్ళి చేరాడు. ఎంసెట్‌కి లాంగ్‌టర్మ్ మనం కనిపెట్టింది కాదన్నమాట.

మనలాంటి ఇంజినీర్లకి ఇంకో సంగతి. అమెరికా ప్రెసిడెంట్లలో పేటెంటు ఉన్నది లింకన్ ఒక్కడికే. నదిలో ఇసుక మేటల మీద ఇరుక్కున్న పడవని గాలి తిత్తులతో పైకి లేపే ఏర్పాటు అది. 1849 మే 22న వచ్చింది, నంబరు 6469. ఎవరూ తయారుచెయ్యలేదు, పైసా రాలేదు. పేటెంటు గోడకి తగిలించుకున్న మా ఆఫీసు మిత్రులకి ఇది చెప్పాను, కొంచెం ఓదార్పుగా ఉందన్నారు.

రేంజరు అమ్మాయి ఓపికగా అన్ని ప్రశ్నలకీ జవాబులు చెప్పింది. నాన్నగారు మాస్టారికి రాసిన ఉత్తరం గురించి అడిగారు. ఆ అమ్మాయి చాలా మర్యాదగా, అలాంటి ఉత్తరం లింకన్ రాసినట్టు ఆధారమేదీ లేదండీ అంది. ముప్ఫై రెండేళ్ళు చదివి వినిపించిన ఉత్తరం! నాన్నగారు చిన్నబుచ్చుకుంటారనుకున్నాను. ఆయన నవ్వి, ఎవరు రాసినా మంచి మాటలే కదా అన్నారు.

కానీ ఆ తర్వాత ఆ అమ్మాయి చెప్పిన విషయానికి ఆయన నవ్వలేదు. నేనూ నవ్వలేదు.

1850 ఫిబ్రవరి 1న ఈ ఇంట్లోనే రెండోవాడు ఎడ్డీ, నాలుగేళ్ళు నిండకుండానే, జబ్బుచేసి పోయాడు. అదే ఏడు డిసెంబరులో మూడోవాడు విల్లీ పుట్టాడు. ఆ చలికాలంలోనే తండ్రి థామస్‌కి జబ్బు చేసిందని, బతకడని, సవతి తమ్ముడి దగ్గర్నుంచి ఉత్తరాలు వచ్చాయి. రెండిటికి లింకన్ జవాబు రాయలేదు. మూడోసారి కబురొచ్చాక 1851 జనవరి 12న రాశాడు. నాకు పనుల ఒత్తిడి ఉంది, అదెలా ఉన్నా నా భార్య బాలింత, మంచంలో ఉంది, రాలేను అని సారాంశం. దేవుణ్ణి నమ్ముకోమని నాన్నకి చెప్పమన్నాడు. ఇప్పుడు మేమిద్దరం కలుసుకున్నా దానివల్ల సంతోషం కన్నా బాధే ఎక్కువేమోనని కూడా రాశాడు. జనవరి 17న థామస్ చనిపోయాడు. లింకన్ అంత్యక్రియలకి వెళ్ళలేదు.

ఎంత దూరమమ్మా అని నాన్నగారు అడిగారు. సుమారు వంద మైళ్ళు అంది.

తండ్రిని గాలికొదిలేసిన కొడుకు కాదు లింకన్. 1841లో తండ్రి పొలంలో నలభై ఎకరాలు రెండు వందల డాలర్లకి తను కొని, అమ్మానాన్నలు బతికున్నంతకాలం అక్కడే ఉండేలా కాగితం రాశాడు. 1848లో భూమి వేలానికి పోతుందంటే ఇరవై డాలర్లు పంపాడు. 1849లో తండ్రికి ఒంట్లో బాగాలేదంటే వెళ్ళి చూసొచ్చాడు కూడా. అయితే మేరీనిగానీ పిల్లల్నిగానీ ఆ ఇంటికి తీసుకెళ్ళిన దాఖలా లేదు. డబ్బు పంపాడు, ఉత్తరం పంపాడు. ఆఖరిసారి మనిషి మాత్రం వెళ్ళలేదు. చెప్పిన కారణం అబద్ధం కాదు. భార్య నిజంగానే బాలింత. కానీ అదొక్కటే కారణం కూడా కాదు.

ఇది నాకు అర్థమైనంత బాగా ఆ గదిలో ఇంకెవరికీ అర్థమై ఉండదు. ఆరేళ్ళ క్రితం జనవరిలో అమ్మ పోయినప్పుడు నేను వెళ్ళలేదు. నా పాస్‌పోర్టులో వీసా స్టాంపింగు గడువు అయిపోయింది. వెళ్తే మళ్ళీ స్టాంపింగు వేయించుకుని రావాలి, ఆలస్యమైతే ఉద్యోగం సంగతి చెప్పలేం అన్నారు. ఆ నెలాఖరుకి ప్రాజెక్టు రిలీజు. ఫోన్లో నాన్నగారే, వచ్చినా అందుకోలేవు, రావద్దు, జాగ్రత్తగా ఉండు అన్నారు. నేను ఆ మాట పట్టుకుని ఆగిపోయాను. కర్మకాండ అంతా నాన్నగారే చేసుకున్నారు. పదకొండు నెలల తర్వాత స్టాంపింగు పెట్టుకుని వెళ్ళాను. ఇద్దరం ఈ విషయం ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

ఆ రాత్రి మోటెల్లో మా ఆవిడా పాపా పడుకున్నాక నేనే ఎత్తాను. స్టాంపింగు గొడవ నిజమే, కానీ ఎలాగైనా వెళ్ళి తీరాలనుకుంటే వెళ్ళగలిగేవాణ్ణే అని చెప్పాను. నాన్నగారు చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, రావద్దని నేనే అన్నాను కదరా అన్నారు. ఇంకాసేపాగి, అన్నానేగానీ, దహనానికి తీసుకెళ్ళేదాకా వీధిలో ఆటో చప్పుడైనప్పుడల్లా గేటువైపు చూస్తూనే ఉన్నాను అన్నారు. అంతే. కోపం లేదు, నిష్ఠూరం లేదు. లైటార్పి పడుకున్నారు.

మర్నాడు పొద్దున పాత రాజధాని భవనానికి వెళ్ళాం. రాజధానిని వాండేలియా నుంచి స్ప్రింగ్‌ఫీల్డ్‌కి మార్పించడంలో లింకన్‌ది పెద్ద చెయ్యి. 1849లో కాంగ్రెసులో ఒక్క టరమ్ ముగించుకుని వచ్చాక ఆయన రాజకీయాలు దాదాపు వదిలేసి ప్రాక్టీసులో పడ్డాడు. జిల్లాలన్నీ గుర్రబ్బండి మీద తిరుగుతూ కేసులు వాదించేవాడు. 1854లో కొత్త ప్రాంతాలకి బానిసత్వం వ్యాపించే అవకాశమిచ్చే కాన్సాస్-నెబ్రాస్కా చట్టం వచ్చింది. అదే ఆయన్ని మళ్ళీ లాక్కొచ్చింది. బానిసత్వం తప్పని మొదట్నుంచీ నమ్మినా, ఉన్నచోట వెంటనే రద్దుచెయ్యాలని అప్పటికి ఆయన అనలేదు, వ్యాపించకూడదన్నాడు. నల్లవాళ్ళకి పూర్తి సమాన హక్కుల విషయంలో కూడా అప్పటి ఆయన అభిప్రాయాలు ఈనాడు మనకి రుచించవు. మనిషి అక్కడ ఆగిపోకుండా ఎదిగాడు, అదే ఆయన గొప్ప. 1858 జూన్‌లో ఈ భవనంలోనే, సగం బానిసత్వంతో సగం స్వేచ్ఛతో దేశం ఎల్లకాలం నిలవదని చెప్పాడు. ఆ ఏడే స్టీఫెన్ డగ్లస్‌తో ఏడు ఊళ్ళలో వాదించాడు, సెనేటు సీటు ఓడిపోయాడు, దేశమంతటికీ తెలిశాడు. 1860 నవంబరు 6న ప్రెసిడెంటుగా గెలిచాడు. ఈ భవనం మెట్ల దగ్గరే 2007 ఫిబ్రవరిలో బరాక్ ఒబామా తన పోటీ ప్రకటించాడు. ఇదే ఊళ్ళో 1908లో నల్లవాళ్ళ ఇళ్ళమీద పడి తగలబెట్టిన అల్లర్లూ జరిగాయి. రెండూ గుర్తుంచుకోవాలి.

వాషింగ్టన్ వెళ్ళేముందు, 1861 జనవరి చివర్లో, ఎంత హడావుడిలో ఉన్నా లింకన్ ఒక పని చేశాడు. రైలెక్కి ఆ వంద మైళ్ళూ వెళ్ళి సవతి తల్లిని చూశాడు. తండ్రి సమాధి దగ్గరికీ వెళ్ళాడు. పదేళ్ళు ఆలస్యంగా. అప్పటికే 1853లో పుట్టిన ఆఖరి కొడుక్కి థామస్ అని తండ్రి పేరే పెట్టుకున్నాడు. ఆ పిల్లాణ్ణే టాడ్ అని పిలిచేవారు. మాటల్లో చెప్పలేనిదాన్ని ఆయన అలా చెప్పుకున్నాడేమో అని నాకనిపిస్తుంది.

ఇల్లు ఏడాదికి 350 డాలర్లకి అద్దెకిచ్చాడు. రైలు ప్రయాణం తట్టుకోలేదని కుక్క ఫైడోని తెలిసినవాళ్ళకి ఒప్పజెప్పాడు. ఆఫీసు బోర్డు తియ్యొద్దు, తిరిగొచ్చాక మళ్ళీ మామూలుగా ప్రాక్టీసు చేసుకుందాం అని హెర్న్‌డన్‌కి చెప్పాడు. పెట్టెలకి తాళ్ళు తనే కట్టుకున్నాడు. ఫిబ్రవరి 11న, యాభై రెండో పుట్టినరోజుకి ఒకరోజు ముందు, వానలో స్టేషనుకి వచ్చిన ఊరివాళ్ళకి నాలుగు మాటలు చెప్పాడు. నా సర్వస్వం ఈ ఊరూ ఇక్కడి మనుషులే అనీ, ఎప్పుడొస్తానో, అసలు వస్తానో రానో తెలియదనీ వాటి సారాంశం. మరమ్మతులు చేసిన ఆ స్టేషను ఇప్పటికీ ఉంది. మేం బయటినుంచే చూశాం. గాలి చెవులు కోసేస్తోంది. పెట్టెలకి తాళ్ళు కట్టి, ఇల్లు ఇంకొకరికి అప్పజెప్పి, నాలుగేళ్ళలో వచ్చేస్తాననుకుని బయల్దేరడం మనలో ఎవరికి తెలియదు?

ఆ తర్వాతిది మీ అందరికీ తెలిసిన కథే. ఏప్రిల్లో అంతర్యుద్ధం మొదలైంది. నాలుగేళ్ళలో ఆరు లక్షలకి పైగా ప్రాణాలు పోయాయి. 1862 ఫిబ్రవరిలో పదకొండేళ్ళ విల్లీ వైట్‌హౌస్‌లో చనిపోయాడు. 1863 జనవరి 1న తిరుగుబాటు రాష్ట్రాల్లో బానిసలకి విముక్తి ప్రకటించాడు. ఆ నవంబరు 19న గెటిస్‌బర్గ్‌లో రెండు మూడు నిమిషాలు మాట్లాడాడు, ప్రపంచం ఇప్పటికీ మర్చిపోలేదు. దానికి నెలన్నర ముందే, నవంబరు ఆఖరి గురువారం దేశమంతా థాంక్స్‌గివింగ్ చేసుకోవాలని ప్రకటన ఇచ్చింది కూడా ఆయనే. అంటే మా సెలవు కూడా ఆయన చలవే. 1865 జనవరి 31న బానిసత్వాన్ని రద్దుచేసే రాజ్యాంగ సవరణ ప్రతినిధుల సభలో నెగ్గింది. ఏప్రిల్ 14 రాత్రి ఫోర్డ్ థియేటర్‌లో కాల్చారు. మర్నాడు పొద్దున ప్రాణం పోయింది.

శవాన్ని రైల్లో దేశమంతా తిప్పుతూ మే 3న స్ప్రింగ్‌ఫీల్డ్ తెచ్చారు. విల్లీ శవపేటికని కూడా తండ్రితోపాటే తెచ్చారు. వస్తానో రానో అని వెళ్ళినవాడు అలా వచ్చాడు. ఓక్‌రిడ్జ్ శ్మశానంలో సమాధి ఉంది. ముందర లింకన్ కంచు తల ఉంటుంది, అందరూ ముక్కు తాకి తాకి అది బంగారంలా మెరుస్తుంటుంది. మా పాపని ఎత్తుకుంటే తనూ తాకింది. 1876లో దొంగనోట్ల ముఠావాళ్ళు శవాన్ని ఎత్తుకుపోవడానికి ప్రయత్నించి పట్టుబడ్డారు. ఆ భయంతోనే 1901లో పేటికని లోతుగా దించి కాంక్రీటు పోశారు. మేరీ, ఎడ్డీ, విల్లీ, టాడ్ అందరూ అక్కడే. రాబర్ట్ ఒక్కడే ఆర్లింగ్టన్‌లో. సవతి తల్లి మాత్రం కొడుకు కన్నా నాలుగేళ్ళు ఎక్కువ బతికి 1869లో పోయింది.

నాన్నగారు సమాధి ముందు చెప్పులు విప్పబోయారు. ఆ చలిలో వద్దని నేనూ మా ఆవిడా ఆపాం. రెండు చేతులూ జోడించి నిలబడ్డారు. బయటికొస్తూ, ముప్ఫై రెండేళ్ళు పిల్లలకి దేవుడిలా చెప్పానురా, ఇలాంటి మనిషని తెలిసుంటే ఇంకా బాగా చెప్పుండేవాణ్ణి అన్నారు.

మీరు ఎప్పుడైనా ఇటువైపు వస్తే ఒక రోజు సరిపోదు, రెండు రోజులు ఉంచుకోండి. ఇంటికి టిక్కెట్లు పొద్దున్నే తీసుకోండి. 2005లో తెరిచిన లింకన్ మ్యూజియం కూడా వదలొద్దు, పిల్లలకి బాగా నచ్చుతుంది. నవంబరులో అయితే జనం తక్కువ, స్వెట్టర్లు మాత్రం మర్చిపోవద్దు. వీలైతే అమ్మానాన్నల్ని తీసుకెళ్ళండి.

డిసెంబరు మొదటి వారంలో నాన్నగారిని ఓహేర్‌లో దింపాను. సెక్యూరిటీ లైన్లోంచి ఒకసారి వెనక్కి తిరిగి చెయ్యి ఊపి వెళ్ళిపోయారు. అమ్మ ఆబ్దికం జనవరిలో వస్తుంది. ఆరేళ్ళుగా ఆయనే పెడుతున్నారు. ఈసారి నేను వెళ్ళి పెట్టొచ్చాను. ఆటో దిగేటప్పటికి నాన్నగారు గేటు దగ్గరే నిలబడి ఉన్నారు.